జాషువా ట్రీ పార్కు సూపరింటెండెంట్ గారికి బహిరంగ లేఖ: బుకింగ్‌తో పాటే లీటర్ల లెక్క పంపించండి

గౌరవనీయులైన సూపరింటెండెంట్ గారికి,
జాషువా ట్రీ నేషనల్ పార్క్, ట్వంటీనైన్ పామ్స్, కాలిఫోర్నియా

నమస్కారం.

చలికాలం వచ్చిందంటే మీ పార్కులో టెంట్లు వేసుకునే కుటుంబాల్లో మా తెలుగువాళ్ళు కూడా కనిపిస్తారు. లాస్ ఏంజెలెస్, అర్వైన్, శాన్ డియాగోల నుంచి రెండు మూడు గంటల ప్రయాణం. ఒక్కో కారులో పసిపిల్లలు మొదలుకొని, ఇండియా నుంచి ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మా తాతయ్యల దాకా ఉంటారు. వాళ్ళలో చాలామందికి అదే మొదటి ఎడారి, అదే మొదటి టెంటు. ఈ లేఖ ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి పంపుతున్నాం. తెలుగులో అందరి ముందూ పెట్టడం దేనికంటే, ఇందులో చెప్పే పనుల్లో సగం మావాళ్ళు చేయాల్సినవే.

మేం అడిగేది ఒక్కటి. స్థలం బుక్ అయిన రోజునే, ఆ క్యాంప్‌గ్రౌండ్‌కు మాత్రమే సరిపోయే పేజీ ఒకటి బుక్ చేసుకున్నవారికి చేరేలా చూడండి. అందులో "సరిపడా నీళ్ళు" అనకుండా ఎన్ని లీటర్లో రాయించండి. "కట్టెలు ఏరవద్దు" అన్న మాట పక్కనే ఎందుకో రాయించండి. ఎడారి బసలో చెడేవి చాలావరకు ఇంటి దగ్గర డిక్కీ సర్దేటప్పుడే చెడతాయి. డిసెంబరులో ఐదింటికి ముందే పొద్దు కుంకుతుంది. గేటు దగ్గర బోర్డు చదివే వేళకు చీకటి పడుతుంటుంది, దుకాణాలు వెనకబడిపోయి ఉంటాయి, కాస్త లోపలికి వెళ్ళగానే ఫోన్‌లో సిగ్నల్ ఉండదు.

ముందు నీళ్ళ సంగతి. జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో 124 స్థలాలున్నాయి, కుళాయి ఒక్కటీ లేదు. రయన్, హిడెన్ వ్యాలీ, బెల్, వైట్ ట్యాంక్‌లలోనూ లేదు. తాగునీళ్ళున్నవి బ్లాక్ రాక్, కాటన్‌వుడ్ రెండే. ఇండియన్ కోవ్‌లో దిగినవాళ్ళు రేంజర్ స్టేషన్ దాకా వెళ్ళి పట్టుకోవాలి. మనిషికి రోజుకు కనీసం ఒక గ్యాలన్, అంటే 3.8 లీటర్లు, గట్టిగా నడిచే రోజున రెండు గ్యాలన్లు అన్నది మంచి లెక్కే. కానీ అది తాగే నీళ్ళ లెక్క. అన్నం, పప్పు వండుకుని, స్టీలు గిన్నెలు కడుక్కుని, దొడ్డికి నీళ్ళు వాడే ఇంటికి అది చాలదు.

నలుగురు మనుషులు, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా అనుకుందాం. తాగడానికి 32 లీటర్లు. రెండు పూటల అన్నం పప్పు, ఒక ఉప్మా, కాఫీ టీలు కలిపి 8. చేతులకు, గిన్నెలకు 8. అక్కడి టాయిలెట్లలో నీళ్ళుండవు కాబట్టి మనిషికి రోజుకో లీటరు సీసా చొప్పున మరో 8. మంట ఆర్పడానికి రాత్రికి 5 చొప్పున 10. మొత్తం 66 లీటర్లు. 5 గ్యాలన్ల డబ్బాలు మూడు తెస్తే 57 లీటర్లే అవుతాయి, నాలుగు కావాలి. నాలుగూ నిండితే 75 కిలోల బరువు, డిక్కీలో తలుపు దగ్గర కాకుండా సీటుకు ఆనించి నిలబెట్టాలి. పడుకోబెట్టిన డబ్బా కుళాయి మూత దగ్గర కారుతుంది. అంతా ఒకే పెద్ద డబ్బాలో తెస్తే, అది కారిన రోజున ఏమీ మిగలదు. జంబో రాక్స్ 4,400 అడుగుల ఎత్తులో ఉంది. చలికాలం రాత్రుల్లో నీళ్ళు గడ్డకడతాయి, డబ్బాకున్న సన్నని ప్లాస్టిక్ కుళాయి అన్నిటికన్నా ముందు బిగుసుకుపోతుంది. పొద్దున కాఫీకి కావలసిన నీళ్ళు రాత్రే గిన్నెలో పోసి పెట్టుకోవాలి. పార్కు అంచుల్లో నీళ్ళు దొరికే చోట్ల 5 గ్యాలన్ల డబ్బా కింద పట్టేంత ఎత్తున కుళాయి, ఐదు నిమిషాలు కారు నిలిపే జాగా ఉండేలా చూడండి. అవి ఎక్కడున్నాయో ఆ పేజీలోనే పటం వేయించండి.

ఆ ఎత్తులో నీళ్ళు 100 డిగ్రీలకు ముందే, దాదాపు 95 దగ్గర మరిగిపోతాయి. కందిపప్పు మామూలు గిన్నెలో గంటసేపు ఉడికినా పలుకుగానే ఉంటుంది, గ్యాసు డబ్బా మాత్రం ఖాళీ అవుతుంది. పప్పు ఇంటి దగ్గరే నానబెట్టి తెచ్చుకోవడం, మూడు లీటర్ల చిన్న కుక్కరు వెంట ఉంచుకోవడం మేలు. ఈ ముక్క మావాళ్ళ కోసం.

గాలి గురించి ఇంకా గట్టిగా చెప్పాలి. పడమటి నుంచి వచ్చేవాళ్ళు శాన్ గోర్గోనియో కనుమలో వరసలు తీరిన గాలిమరలు చూస్తూనే వస్తారు. ఆ మరలు తిప్పే గాలి తమ టెంటు మీదికీ వస్తుందని మాత్రం అనుకోరు. టెంటుతో పాటు వచ్చే సన్నటి అల్యూమినియం మేకులు అక్కడి నేలలో రెండు రకాలుగా విఫలమవుతాయి. పైన ఉన్నది గ్రానైటు పొడైన ముతక గరుసు, అది మేకును పట్టుకోదు. కింద ఉన్నది గట్టి నేల, మేకు అందులో దిగక వంగిపోతుంది. 10 నుంచి 12 అంగుళాల ఉక్కు మేకులు, కిలో బరువున్న సుత్తి కావాలి. మేకు తల టెంటుకు అవతలి వైపు వాలేలా, మొన టెంటు కిందికి పోయేలా ఏటవాలుగా కొట్టాలి. టెంటు సన్నగా ఉన్న వైపు గాలికి ఎదురుగా, తలుపు గాలి లేని వైపు ఉండాలి. ముందుగా గాలి వచ్చే అంచుకు మేకులు కొట్టి, లోపలి మూలల్లో నీళ్ళ డబ్బాలు పెట్టి, ఆ తర్వాతే కడ్డీలు ఎక్కించాలి. వరస తారుమారైతే గుడ్డ గాలిపటమై లేస్తుంది, కడ్డీ విరుగుతుంది. నాలుగు మూలల మేకులు చాలవు, పక్కల తాళ్ళు కూడా కట్టాలి. అయితే ఆ తాడు జాషువా చెట్టుకు కట్టకూడదు. దాని కాండంలో మామూలు చెట్టులో ఉండేంత గట్టి కలప ఉండదు, వేళ్ళు నేలకు దగ్గర్లోనే పరుచుకుని ఉంటాయి, లాగుడుకు తట్టుకోదు. నీడకోసం తెచ్చే మడత పందిరిని, పడుకునే ముందే కాదు, నడకకు వెళ్ళే ముందూ దించేయాలి. ఎగిరిన పందిరి కాళ్ళు పక్క స్థలంలో ఆడుకుంటున్న పిల్లల మీద పడతాయి.

చలి విషయంలో మావాళ్ళ పొరపాటు ఎప్పుడూ ఒకటే. పైన మూడు రగ్గులు, కింద ఒట్టి గాలి పరుపు. గాలి పరుపులోని గాలి అటూ ఇటూ కదులుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. తెల్లవారుజామున మూడింటికి నడుము కింద నుంచి వణుకు మొదలవుతుంది. రగ్గుల్లో రెండు తీసి పరుపు మీద, ఒంటి కింద పరుచుకుంటే సగం చలి పోతుంది. ఇంట్లో బొంత ఉంటే అంతకన్నా మంచిది లేదు. ఇది తెలియక కుంపటిలాగా బొగ్గుల పొయ్యిని టెంటులోకి తెచ్చేవాళ్ళుంటారు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ ఒక్క వాక్యం పేజీలో అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలని మా కోరిక.

కట్టెల నియమం వెనకున్న కారణం ఎంత బాగుంటుందో! కింద పడిన జాషువా కొమ్మల అడుగున వేలెడంత బల్లి ఒకటి బతుకుతుంది. నైట్ లిజర్డ్ అంటారు. ఆ కుళ్ళిన కొమ్మే దానికి ఇల్లు, తిండి దొరికే చోటు. ఒక మంటకు ఏరిన కట్టెలతో దాని ఇల్లు కాలిపోతుంది. ఇది చెబితే పిల్లలే పెద్దవాళ్ళను ఏరనివ్వరు. కట్టెలు పార్కు చుట్టుపక్కల ఊళ్ళలో కొనుక్కోవాలి, ఇంటి దగ్గర్నుంచి మోసుకురాకూడదు. దక్షిణ కాలిఫోర్నియా ఓక్ చెట్లను చంపుతున్న బంగారు మచ్చల పురుగు కట్టెలతోనే ఊరు మారుతుంది. మంట ఇనుప వలయంలోనే వేయాలి, ఆర్పేటప్పుడు ఇసుక కప్పకూడదు. ఇసుక కింద నిప్పు తెల్లారేదాకా ఉంటుంది, పొద్దున్నే చెప్పుల్లేకుండా పరిగెత్తే పిల్లల కాళ్ళు కాలుతాయి. నీళ్ళు పోసి, కలిపి, మళ్ళీ పోసి, చేతి వెనక వైపుతో తాకి చూడాలి. పైలెక్కలో 10 లీటర్లు అందుకే. బయటి నుంచి వచ్చిన రెడ్ బ్రోమ్ లాంటి గడ్డి ఎండి, చెట్టుకూ చెట్టుకూ మధ్య ఒకప్పుడుండే ఖాళీని నింపేసింది. ఇప్పుడు ఒక చెట్టు నిప్పు మరో చెట్టుకు గడ్డి మీదుగా పాకుతుంది. 2020లో మొజావీ నేషనల్ ప్రిజర్వ్‌లో డోమ్ ఫైర్ అనే కార్చిచ్చు 43 వేల ఎకరాలు కాల్చింది, పది లక్షలకు పైగా జాషువా చెట్లు పోయాయని అంచనా. అది పిడుగు వల్ల వచ్చింది. మనిషి చేతి నిప్పుకూ దారి అదే గడ్డి.

ఇక ఎంగిలి నీళ్ళు. మా వంటల్లో నూనె, అన్నం మెతుకులు, పులుసు ఎక్కువ. గిన్నె కడిగిన నీళ్ళు పొద పక్కన పారబోస్తే ఇసుక తాగేసిందనుకుంటాం, మెతుకులు మాత్రం పైనే ఉంటాయి. వాటికి రేవెన్‌లు, అంటే పెద్ద బొంతకాకులు, అలవాటు పడతాయి. ఎడారి తాబేలు పిల్ల పుట్టిన మొదటి కొన్నేళ్ళు దాని చిప్ప మెత్తగా ఉంటుంది, ఆ కాకులు పొడిచి తినేస్తాయి. మొజావీ ఎడారి తాబేలు 1990 నుంచి ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో ఉంది. కంచం ముందు కాగితంతో తుడిచి, తర్వాత కొద్ది నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళను జల్లెడలో వడపోసి, మూత బిగిసే బకెట్లో వెంట తీసుకెళ్ళాలి. బ్లాక్ రాక్, కాటన్‌వుడ్‌లలో మురుగునీళ్ళు వదిలే చోట్లున్నాయి. జంబో రాక్స్ లాంటి పెద్ద క్యాంప్‌గ్రౌండ్‌కు కూడా అలాంటిది ఒకటి కట్టించగలరేమో ఆలోచించండి. వెచ్చబడటం మొదలైతే తేనెటీగలు నీళ్ళ కోసం తిరుగుతాయి. తెరిచిన సీసా, తడి గుడ్డ, ఏసీ నుంచి కారే చుక్క, అన్నిటి మీదా వాలతాయి. కారు కదిలించే ముందు చక్రాల కిందికి వంగి చూడాలి, నీడకు తాబేలు చేరి ఉండొచ్చు. దాన్ని చేతుల్లోకి తీసుకుంటే భయంతో తన మూత్రాశయంలో దాచుకున్న నీళ్ళు వదిలేస్తుంది. ఎండాకాలం దాటించే నిల్వ అదే కాబట్టి, ఫోటో కోసం ఎత్తినా చచ్చిపోవచ్చు.

టాయిలెట్ల దగ్గర మాకు ఒక బాధ్యత, మీకు ఒక బాధ్యత. నీళ్ళు లేని క్యాంప్‌గ్రౌండ్లలో అవి కాలువకు కలిసినవి కావు, కింద తొట్టి, దాన్ని లారీతో పీల్చి తీసుకెళ్ళాలి. తడి కాగితాలు (వెట్ వైప్స్), డైపర్లు వేస్తే గొట్టం మూసుకుపోతుంది. లారీ రాకపోతే ఏమవుతుందో 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజుల ప్రభుత్వ షట్‌డౌన్‌లో, అంటే నిధులు ఆగి ప్రభుత్వ పనులు నిలిచిపోయినప్పుడు, దేశమంతా చూసింది. తొట్లు నిండిపోయాయి, జనవరి 2న క్యాంప్‌గ్రౌండ్లు మూయాల్సి వచ్చింది, వైల్డర్‌నెస్‌లోకి, అంటే బండ్లు పోకుండా చట్టం కాపాడే నేలలోకి, కొత్త బండి జాడలు పడ్డాయి, జాషువా చెట్లు దెబ్బతిన్నాయి. సిబ్బంది ఉండని రోజు మళ్ళీ వస్తే, మొదటి రోజునే గేట్లు మూసేయమని కోరుతున్నాం. సెలవు పాడైందని మేం బాధపడతాం. ఆ చెట్లు ఏడాదికి పెరిగేది కొన్ని అంగుళాలే.

పార్కులో 5 లక్షల 90 వేల ఎకరాలకు పైగా వైల్డర్‌నెస్. టెంటు వెనక బండలు ఎక్కి దిగితే కాసేపట్లో దారీతెన్నూ లేని చోటికి చేరతారు. జంబో రాక్స్ బండలన్నీ ఒక్కలాగే ఉంటాయి, ఎక్కినవైపే దిగుతున్నామనుకుంటారు. ప్రతి పిల్లవాడి మెడలో ఈల ఉండాలి. తప్పిపోతే నడవకుండా కూర్చుని మూడుసార్లు ఊదాలని ముందే నేర్పాలి. అత్యవసర ఫోన్ హిడెన్ వ్యాలీ దగ్గర ఇంటర్‌సెక్షన్ రాక్ వద్ద, ఇండియన్ కోవ్ రేంజర్ స్టేషన్ వద్ద ఉంది. జంబో రాక్స్ నుంచి అక్కడికి కారులోనే వెళ్ళాలి కాబట్టి, రాత్రి ఎవరు నడుపుతారో ముందే అనుకోవాలి. ఒక స్థలంలో ఆరుగురు మనుషులు, మూడు టెంట్లు, రెండు కార్లు, అంతే. నాలుగు కుటుంబాలు కలిసి వచ్చే మావాళ్ళు షీప్ పాస్, ఇండియన్ కోవ్, కాటన్‌వుడ్‌లలోని గ్రూపు స్థలాలే బుక్ చేసుకోవాలి. ఒక స్థలంలో ఇరికితే పొదలూ నేలా నలుగుతాయి, రాత్రి పదింటి తర్వాత పక్కవాళ్ళకు నిద్ర ఉండదు.

మేం అడిగే పేజీని మీ సిబ్బంది తయారు చేస్తే దాన్ని తెలుగులోకి తెచ్చే పని మాకు అప్పగించండి. డబ్బేమీ తీసుకోకుండా చేస్తాం. కాటన్‌వుడ్‌కు ఒకటి, జంబో రాక్స్‌కు ఒకటి విడివిడిగా ఉండాలి, నీళ్ళున్న చోటూ లేని చోటూ ఒకే కాగితంలో కలిస్తే చదివేవారికి తికమక. నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ వారాంతానికి ఆర్నెల్ల ముందే బుకింగ్ మొదలవుతుంది కాబట్టి, మే నెలలోగా సిద్ధమైతే ఈ చలికాలానికే పనికొస్తుంది.

ఇట్లు,
దక్షిణ కాలిఫోర్నియా ఎడారుల్లో ఏటా టెంట్లు వేసే కొందరు తెలుగువాళ్ళం