బంగాళాదుంపకు ఎంత చలి కావాలి? మార్కెటింగ్ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. విశాఖపట్నం కంచరపాలెంలో చిన్న కర్రీ పాయింట్ నడుపుకుంటున్నాను. మా దగ్గర అన్నిటికంటే ముందు అయిపోయేది బంగాళాదుంప వేపుడు. పోయిన ఆగస్టులో టోకున కొన్న బస్తా పైకి నిగనిగలాడుతూనే ఉంది. ఇంటికి తెచ్చి కుమ్మరిస్తే అడుగు దుంపలకు అంగుళం పొడవున మొలకలు. పచ్చబారినవీ మెత్తబడినవీ ఏరి పారేసేసరికి పావు బస్తా పోయింది. మిగిలినవి వేయిస్తే నల్లబడ్డాయి, పైగా తియ్యగా ఉన్నాయి. మాడ్చి పెట్టానని తిట్లు నాకు! వ్యాపారిని అడిగితే "కోల్డ్ స్టోరేజీ సరుకేనమ్మా" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. అదే చిక్కు.

ఉత్తరప్రదేశ్‌లో, బెంగాల్‌లో ఎక్కువ పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వుతారు. తవ్విన దుంప సుమారు రెండు నెలలు నిద్రలో ఉంటుంది. ఆ తరువాత దాన్ని మొలవనివ్వకుండా ఆపేది చలి. అక్కడి గిడ్డంగుల్లో మామూలుగా 2 నుంచి 4 డిగ్రీల్లో ఉంచుతారు. విత్తనపు దుంపకు అది సరైన చలే. వండుకునే దుంపకు ఎక్కువ, ఎందుకంటే అంత చలికి లోపలి పిండి చక్కెరగా మారుతుంది, నూనెలో పడగానే నల్లబడుతుంది. అలాంటి సరుకు లారీ దిగి మన సముద్రపు ఉక్కలో పడితే ముందు చెమట పడుతుంది. ఆపైన కుళ్ళడమో, ఆపుకున్న మొలకలన్నీ ఒక్కసారిగా తన్నుకు రావడమో జరుగుతుంది. మనం దాన్ని ఉంచేది ఎండకు కాలే రేకుల కింద, ఉల్లిపాయల బస్తాలకు ఆనించి.

విశాఖకు మరో శీతల గిడ్డంగి మంజూరు చేసేటప్పుడు అందులో బంగాళాదుంపకని విడిగా ఒక గది పెట్టించండి. 10 నుంచి 12 డిగ్రీలు, గాలి ఆడాలి, వెలుతురు పడకూడదు, ఉల్లి దరిదాపుల్లో ఉండకూడదు. ఆ వేడిలో నెలల తరబడి నిల్వ చేస్తే మొలకలు వస్తాయి. అందుకే పెద్ద గిడ్డంగుల్లో సీఐపీసీ అనే మందును పొగలా పట్టిస్తారు. ఐరోపా సమాఖ్య ఆ మందుకు 2019లో అనుమతి పొడిగించలేదు. మనకు దాని అవసరమే రాదు, లారీ దిగినప్పటి నుంచి అమ్ముడుపోయే దాకా రెండు మూడు వారాలు కాపాడితే చాలు. పై ఊళ్ళలో మందు పట్టించిన సరుకైతే ఆ మాట బస్తా మీద రాయించండి.

ఇంకొకటి. మొలకలు విరిచేసి, పచ్చబారిన దుంపలను సాయంత్రం చవకగా కుప్ప పోసి అమ్ముతున్నారు. పచ్చబారిన చోట సొలనిన్ అనే విషం చేరి ఉంటుంది, ఉడికించినా పోదు. ఆ కుప్ప దగ్గర ఆగేది ఎవరో మీకు చెప్పనక్కరలేదు. రైతు బజార్లలోనైనా దాన్ని ఆపించండి.

విశాఖ వచ్చినప్పుడు మా దుకాణానికి రండి. ఆ చలిలో నిలవున్న దుంపలు ఒక మూకుడులో, కొత్త దుంపలు ఒక మూకుడులో వేయించి పెడతాను. రంగు చూసి మీరే చెప్పండి.

ఇట్లు,
కంచరపాలెం కర్రీ పాయింట్ యజమానురాలు