పింఛను శాఖ కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

బతికే ఉన్నామని ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సిన నవంబరు వచ్చిందంటే, పిల్లల దగ్గర విదేశాల్లో ఉంటున్న కేంద్ర పింఛనుదారులకు గుబులే. 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే దాన్ని ఇచ్చే వీలు కల్పించారు, మంచిదే. 2021లో ఫోన్ యాప్‌లో ముఖం చూపి లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతీ తెచ్చారు. కానీ ఆ యాప్ మొదట ఓటీపీ అడుగుతుంది. రీచార్జి లేక ఇండియా సిమ్ ఆగిపోతే పని అక్కడితో సరి. అదీ దాటితే కెమెరా ముందు రెప్పలార్పాలి. వెలుతురు వెనక నుంచి పడిందా, ముఖం పట్టదు.

కాగితం దారి ఉంది. మేజిస్ట్రేటు, నోటరీ, బ్యాంకరు లేదా భారత దౌత్య ప్రతినిధి సంతకం చేసిన సర్టిఫికెట్‌ను పింఛనుదారు తరఫున అధీకృత ఏజెంటు బ్యాంకులో ఇస్తే, ఆయన స్వయంగా రానక్కర్లేదు. బ్యాంకు కౌంటరులో మాత్రం "పెద్దాయన్ని తీసుకురండి" అంటారు, ఆయన న్యూజెర్సీలో ఉన్నా!

ఈ నిబంధనను తెలుగులో ఒక్క పేజీగా అచ్చువేసి బ్యాంకు శాఖలన్నిటికీ పంపండి. ఓటీపీ ఈమెయిలుకొస్తే చాలనండి. సర్టిఫికెట్ అందక డిసెంబరులో ఆగిన పింఛను, అది అందాక ఎన్ని రోజుల్లో బకాయితో వేస్తారో రాసివ్వండి.