కరపత్రం కింద ప్రెస్ పేరు

సంపాదకులకు నమస్కారం.

దేవుణ్ణి, మతాన్ని కించపరిచేవాళ్లను వెంటనే జైల్లో వేసేలా ఇంకా గట్టి చట్టం తేవాలని ఈ మధ్య మీ పేజీలో రెండు మూడు ఉత్తరాలు వచ్చాయి. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. నేను తిరుపతిలో పుట్టి పెరిగినవాణ్ణి. 26 ఏళ్లుగా తాతయ్యగుంట దగ్గర చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్ నడుపుతున్నాను. శుభలేఖ మీద స్వామి బొమ్మ మసకగా పడితే ఆ షీట్లను మేం చెత్తలో వెయ్యం. కట్టగట్టి దాచి, స్వర్ణముఖిలో నీళ్లు పారినప్పుడు కలిపి వస్తాం. అయినా ఆ ఉత్తరాలతో ఏకీభవించలేకపోతున్నాను.

పోయిన జనవరిలో వేమన జయంతికి నలుగురు కాలేజీ పిల్లలు కరపత్రం వేయించుకోవడానికి వచ్చారు. 1/8 డెమీ సైజు, లేత పసుపు కాగితం, 500 కాపీలు. పైన సభ వివరాలు, కింద రాతికి మొక్కడం గురించి వేమన చెప్పిన పద్యం ఒకటి. మేమంతా బడిలో నేర్చుకున్నదే. అన్నిటికన్నా కింద, అలవాటు ప్రకారం, చిన్న అక్షరాల్లో మా ప్రెస్ పేరు.

మరుసటి రోజు సాయంత్రం నాలుగింటికి స్టేషన్ నుంచి ఫోన్. ఎవరో ఒకాయన ఆ కరపత్రం ఫోటో పట్టుకొచ్చి తమ మనోభావాలు దెబ్బతిన్నాయన్నాడట. రాత్రి తొమ్మిదిన్నర దాకా నన్ను బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఇది నాన్‌బెయిలబుల్ సెక్షన్. రాసినోడే కాదు, అచ్చేసిన నీ పేరూ ఎక్కుతాది, చూసుకో" అన్నారు, అంతే. ఏ కాగితం మీదా ఏమీ రాయలేదు. కేసు కట్టి ఉంటే కోర్టులో నా మాట చెప్పుకునేవాణ్ణి. కేసే లేనప్పుడు ఎవరికి చెప్పుకోవాలి?

ఆ రాత్రి నిద్ర లేదు, ఒకటే టెన్షన్. తెల్లారి ప్రెస్సు తెరిచి, పిల్లలు ఇంకా తీసుకెళ్లని కట్టల్ని కటింగ్ మిషన్ కింద పెట్టాను. బ్లేడు దిగిన ప్రతిసారీ వేమన పద్యం పసుపు పేలికలై బల్ల మీద పడింది. పాదాలు ఎక్కడివక్కడ తెగిపోయాయి. పిల్లలు వస్తే వాళ్ల డబ్బు వాళ్లకిచ్చేశాను. అందులో ఒక అమ్మాయి "వేమన కూడా తప్పేనా అంకుల్?" అని అడిగింది. నాకు మాట రాలేదు.

తర్వాత ఆ సెక్షన్ ఏమిటో చదివాను. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అది 299. పాత శిక్షాస్మృతిలో 295ఏ. మూడేళ్ల దాకా జైలు. అది పుట్టిందే ఒక పుస్తకాల దుకాణం వల్ల అని తెలిసి ఒళ్లు జలదరించింది. 1924లో లాహోర్‌లో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త ఒక చిన్న పుస్తకం వేశాడు. ముస్లింల మనసు నొప్పించే పుస్తకమే, కాదనను. రాసినవాడు పేరు పెట్టుకోలేదు, రాజ్‌పాల్ ఆ పేరు చివరిదాకా బయటపెట్టలేదు. అప్పటి సెక్షన్ దీనికి వర్తించదని 1927లో హైకోర్టు ఆయన్ని వదిలేసింది. గొడవలు లేచాయి. అదే ఏడు బ్రిటిష్ ప్రభుత్వం 295ఏ తెచ్చింది. చట్టం వచ్చాక జనం శాంతించారా? 1929 ఏప్రిల్‌లో రాజ్‌పాల్‌ను ఆయన దుకాణంలోనే పొడిచి చంపారు.

దేశం విడిపోయాక అదే సెక్షన్ పాకిస్తాన్‌కూ మిగిలింది. వాళ్లు గట్టి చట్టం కావాలనుకున్నారు. 1986లో 295సీ చేర్చి మరణశిక్ష దాకా తీసుకెళ్లారు. పొలంలో మంచినీళ్ల దగ్గర మొదలైన తగువులో ఆసియా బీబీ అనే కూలీ మనిషికి 2010లో ఉరిశిక్ష వేశారు. నిర్దోషి అని తేలేసరికి 2018 వచ్చింది. ఆమె తరఫున మాట్లాడిన గవర్నర్ సల్మాన్ తసీర్‌ను 2011లో సొంత అంగరక్షకుడే కాల్చేశాడు. గట్టి చట్టం అడిగే పెద్దలు దయచేసి ఒకసారి అటు చూడాలి.

మన సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను 1957లో సమర్థించింది, నిజమే. కానీ కావాలని, దురుద్దేశంతో చేసిన తీవ్రమైన అవమానానికే అది వర్తిస్తుందని హద్దు గీసింది. ఆ హద్దు స్టేషన్ గడప దాకా రావడం లేదు. పక్కన అనంతపురంలో ఏం జరిగిందో గుర్తుందా? ఒక పత్రిక ధోనీని విష్ణుమూర్తిలా అట్ట మీద వేస్తే 2016లో అక్కడి కోర్టు ఆయనకు నాన్‌బెయిలబుల్ వారంటు ఇచ్చింది. 2017లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ధోనీకి ఢిల్లీ దాకా వెళ్లే స్తోమత ఉంది. శుభలేఖలు వేసుకునేవాడు ఏం చేస్తాడు? బ్లేడు దింపుకుంటాడు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. మాటకు, రాతకు సంబంధించిన ఇలాంటి కేసుల్లో, శిక్ష మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు ఉంటే, ముందు ప్రాథమిక విచారణ జరపడం మంచిదని 2025 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ముగించాలని, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన కొత్త చట్టంలోనే ఉంది. ప్రభుత్వ అనుమతి లేకుండా ఏ కోర్టూ 299 కింద కేసు విచారణకు తీసుకోకూడదని కూడా ఉంది. ఆ అనుమతి అరెస్టుకు ముందే కావాలని చట్టం మార్చండి. అందాకా పిలిచిన ప్రతిసారీ, ఎవరు ఫిర్యాదు చేశారు, ఏ వాక్యం తప్పు అని రాతపూర్వకంగా ఇవ్వండి.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. మా గంగమ్మ జాతరలో బండ వేషం, తోటి వేషం కట్టినవాళ్లు ఏం చేస్తారో తిరుపతిలో ఎవర్నడిగినా చెబుతారు. ఒళ్లంతా కుంకుమో బొగ్గో పూసుకుని, వేపమండలు పట్టుకుని, ఎదురొచ్చినవాళ్లను నోటికొచ్చిన బూతులు తిడతారు. మా నాయన ఏటా మొక్కుగా తోటి వేషం కట్టేవాడు. ఒకసారి వీధిలో పెద్ద వ్యాపారిని ఏడు తరాలూ ఎత్తి తిట్టాడు. ఆయన చేతులు జోడించి నవ్వుతూ నిలబడ్డాడు. ఆ తిట్లు ఆశీర్వాదమని మా నమ్మకం. కొండ మీద నుంచి చెల్లెలికి సారె వచ్చేది ఈ గంగమ్మకే. తిట్టుకు చెదరని భక్తి అది. అలాంటి ఊళ్లో వేమన పద్యానికి దెబ్బతినే మనోభావం ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు, ఎందుకంటే ఆ ఫిర్యాదు చేసినాయన పేరు నాకెవరూ చెప్పలేదు.

కరపత్రం ఫైలు నా కంప్యూటర్లో ఇంకా ఉంది. ఆ పిల్లలు ఇది చదివితే ప్రెస్సుకు రండమ్మా. 500 కాదు, 1000 వేసిస్తాను. కాగితం ఖర్చు కూడా నాదే.

నా పేరు, చిరునామా వేరే కాగితం మీద రాసి పంపుతున్నాను. ప్రెస్సులో నాతోపాటు ఇంకో ఇద్దరి బతుకు ఉంది కాబట్టి వాటిని అచ్చు వేయవద్దని మనవి.

ఇట్లు,
ఒక ప్రెస్ యజమాని,
తిరుపతి