తోమాను ఆంధ్ర తీరాన దింపకండి

మాన్య సంపాదకులకు నమస్కారం.

జూలై 3న యేసు పన్నెండుమంది శిష్యుల్లో ఒకడైన అపొస్తలుడు తోమా పండుగకు మీ పత్రిక నిండు పేజీ కేటాయించడం సంతోషం. క్రిస్మస్‌కో, గుడ్‌ఫ్రైడేకో తప్ప తెలుగు పత్రికల్లో క్రైస్తవ చరిత్రకు ఇంత చోటు దొరకడం అరుదు. అందుకే అందులో దొర్లిన తప్పులు చూసి ఊరుకోలేక రాస్తున్నాను. అన్నిటికన్నా పెద్దది శీర్షికలోనే ఉంది. తోమా భారతదేశంలో మొదట అడుగుపెట్టింది ఆంధ్ర తీరానేనట. పక్కనున్న మ్యాపులో మచిలీపట్నం మీదికి ఒక బాణం గుర్తు. ఆ పేజీ ఫొటో అప్పుడే జంటనగరాల సంఘాల వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతోంది. రేపు ప్రసంగాల్లోకీ, ఆ తర్వాత సండే స్కూల్ పాఠాల్లోకీ ఎక్కుతుంది. ఒకసారి ఎక్కిందంటే దింపడం కష్టం.

ఈ మాటకు మూలం ‘తోమా చర్యలు’ అనే ప్రాచీన రచన. ఇది బైబిలులోది కాదు. 3వ శతాబ్దం తొలినాళ్లలో ఎదెస్సా ప్రాంతంలో, అంటే నేటి తుర్కియేలోని ఉర్ఫా వైపు, సిరియాక్ భాషలో పుట్టిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. కథ ఇలా సాగుతుంది. శిష్యులు యెరూషలేములో చీట్లు వేసి దేశాలు పంచుకుంటే తోమాకు ఇండియా పడుతుంది. ఆయన వెళ్లనంటాడు. గొందఫర్ రాజుకు వడ్రంగి కావాలని వెతుక్కుంటూ వచ్చిన హబ్బాను అనే వర్తకుడికి యేసే ఆయనను దాసుడిగా అమ్మేస్తాడు. ఇద్దరూ ఓడెక్కి మొదట దిగిన పట్టణం పేరు గ్రీకు ప్రతిలో ‘ఆంద్రాపోలిస్’. ఆ రోజు అక్కడ రాజుగారి కూతురి పెళ్లి. విందులో ఒక సేవకుడు తోమాను చెంపదెబ్బ కొడతాడు. తర్వాత వాడు నీళ్లకని బావికి వెళ్తే సింహం చీల్చేస్తుంది. కొట్టిన ఆ కుడిచేతిని ఒక నల్లకుక్క నోట కరుచుకుని సరాసరి విందులోకి తెచ్చి పడేస్తుంది. విందులో పిల్లనగ్రోవి ఊదుతున్న హెబ్రీ అమ్మాయి అది చూసి పిల్లనగ్రోవి విరగ్గొట్టి తోమా పాదాల దగ్గర కూర్చుంటుంది.

మీ వ్యాసకర్త ‘ఆంద్రా’ అన్న అక్షరాలు చూసి ఇది మన ఆంధ్రే అని తేల్చేశారు. సిరియాక్ ప్రతిలో సరిగ్గా అదే చోట ఉన్న పేరు ‘సందరూక్’. మూలం అదైతే ఆంధ్ర అన్న పోలిక అక్కడికక్కడే పోతుంది. పైగా 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీకి మన ఆంధ్రుల సంగతి బాగానే తెలుసు. ‘అందరే’ అని పేరు పెట్టి, వాళ్లకు 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు ఉన్నాయని రాశాడు. అంత పేరున్న రాజ్యం కథలో ఒక పెళ్లి విందుకు, ఒక రేవుకు కుదించుకుపోయిందా?

దారి సంగతీ చూడండి. హబ్బాను చేరాల్సింది గొందఫర్ దగ్గరికి. ఆ రాజు ఏలింది సింధు, పంజాబు, కాబూలు వైపు. పడమటి నుంచి వచ్చే ఓడ అక్కడికి పోవాలంటే సింధు నది ముఖద్వారం దగ్గర ఆగాలి. కన్యాకుమారి చుట్టి మచిలీపట్నం వచ్చి, అక్కణ్ణుంచి భూమార్గాన పంజాబు వైపున్న తక్షశిలకు వెళ్లే వర్తకుడు ఎవరుంటారు?

రోమన్ నాణేలు దొరికాయి కాబట్టి తోమా ఇటు వచ్చాడన్న మీ వ్యాసంలోని వాదన కూడా ఇంతే. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో, పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల నాణేలు దొరికిన మాట నిజం. అవి చెప్పేది తెలంగాణ గడ్డకు రోమన్ వర్తకంతో సంబంధం ఉందని మాత్రమే. మిరియాలకూ బట్టలకూ వచ్చిన డబ్బు ఒక అపొస్తలుడి రాకకు సాక్ష్యం కాదు.

ఇంతకీ ఆ పుస్తకంలో నిజంగా విలువైన సంగతిని మీ వ్యాసం ఒక్క వాక్యంలో దాటేసింది. గొందఫర్ అనే రాజు ఉన్నాడని పశ్చిమ దేశాలవాళ్లకు చాలాకాలం ఈ కథ ద్వారా తప్ప తెలియదు. కల్పిత పాత్రే అనుకున్నారు. 19వ శతాబ్దంలో కాబూలు, పంజాబు ప్రాంతాల్లో ఆయన పేరున్న నాణేలు బయటపడ్డాయి. తర్వాత పెషావర్ దగ్గరి తఖ్త్-ఇ-బాహీలో ఒక శాసనం దొరికింది. అందులో ఆ రాజు పాలనలో 26వ ఏడు, ఒక శకంలో 103వ ఏడు అని ఉంది. ఆ శకం క్రీ.పూ. 57లో మొదలైన విక్రమ శకమేనని లెక్కిస్తే అది క్రీ.శ. 46. అంటే తోమా బతికి ఉండగల కాలమే. కథ రాసినవాడికి 150 ఏళ్ల కిందటి రాజు పేరు సరిగ్గా అందిందంటే, ఎదెస్సాకూ వాయవ్య భారతానికీ మధ్య ఏదో జ్ఞాపకం నిలిచి ఉందన్నమాట. తోమా ఆ రాజును కలిశాడని దీంతో రుజువు కాదు. కొట్టిపారేయలేమని మాత్రం చెప్పవచ్చు.

కేరళ సంప్రదాయం ఈ పుస్తకం మీద ఆధారపడింది కాదు. దాని కాళ్ల మీద అది నిలబడింది. క్రీ.శ. 52లో ముజిరిస్ రేవులో, అంటే కొడుంగల్లూరు దగ్గర దిగడం, ఏడు సంఘాలు స్థాపించడం, 72లో నేటి చెన్నైలోని మైలాపూరులో హతసాక్షి కావడం, అంటే విశ్వాసం కోసం చంపబడటం, ఆ సంప్రదాయంలోని మాటలు. ఈ సంవత్సరాలు తొలి శతాబ్దాల రాతల్లో ఎక్కడా లేవు. కాబట్టి వాటిని అచ్చువేసేటప్పుడు ‘సంప్రదాయం ప్రకారం’ అన్న రెండు ముక్కలు చేర్చాలి. ప్రయాణం సాధ్యమేనా అంటే నిస్సందేహంగా సాధ్యమే. ఎర్ర సముద్రపు ముఖద్వారంలోని ఓకేలిస్ నుంచి నైరుతి గాలి పట్టుకుంటే 40 రోజుల్లో ముజిరిస్ చేరవచ్చని ప్లినీయే రాశాడు. మలబారు తీరాన క్రైస్తవులున్నారని 6వ శతాబ్దంలో కాస్మాస్ అనే వర్తక యాత్రికుడు చెప్పాడు. 849 నాటి కొల్లం రాగిరేకుల్లో అక్కడి చర్చికి ఇచ్చిన హక్కులు, సాక్షులుగా అరబిక్, పహ్లవీ (ప్రాచీన ఇరాన్ లిపి), హెబ్రీ లిపుల్లో సంతకాలు ఉన్నాయి. అంత పాత సంఘం తన మూలపురుషుడిగా తోమానే తలచుకుంటూ రావడం చిన్న విషయం కాదు.

మన ఆంధ్ర తీరపు రేవు మోటుపల్లి గురించి రాసిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలోయే 13వ శతాబ్దం చివర్లో చోళమండల తీరంలోని తోమా సమాధి గురించీ రాశాడు. యాత్రికులు ఆయన చనిపోయిన చోటి ఎర్రమట్టి తీసుకెళ్లి, జ్వరంతో ఉన్నవాళ్లకు నీళ్లలో కలిపి తాగిస్తారని వర్ణించాడు. తెలుగు పాఠకుడికి తోమాతో ముడి కావాలంటే ఇదిగో, ఇది అసలైనది.

చెన్నై వెళ్లే యాత్రికుల కోసం మీరిచ్చిన బాక్సులో మూడు చోట్లు కలగాపులగమయ్యాయి. చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లేవాళ్లు తికమకపడకుండా దీన్ని సరిచేయాలి. సంప్రదాయం ప్రకారం ఆయన దాక్కున్న గుహ సైదాపేట దగ్గరి చిన్నమలైలో ఉంది. చంపబడింది సుమారు 300 అడుగుల ఎత్తున్న పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) మీద. 1547లో పోర్చుగీసువాళ్లు పునాది తవ్వుతుంటే దొరికిన పహ్లవీ అక్షరాల రాతి శిలువ ఉన్నది అక్కడే. సమాధి మైలాపూరులోని శాంథోమ్ బసిలికాలో. ఇప్పుడున్న గోతిక్ కట్టడం 1896 నాటిది.

ఆ సమాధిలో ‘భౌతికకాయం భద్రంగా ఉంది’ అన్నది మరో తప్పు. ఎముకలను పడమటికి తీసుకెళ్లారని ‘తోమా చర్యలు’ చివర్లోనే ఉంది. 4వ శతాబ్దానికల్లా అవి ఎదెస్సాలో పూజలందుకుంటున్నాయి. అక్కణ్ణుంచి కియోస్ ద్వీపానికి, 1258లో ఇటలీలోని ఓర్తోనాకు చేరాయి. ఓర్తోనా నుంచి ఒక చేతి ఎముక 1953లో కొడుంగల్లూరు దగ్గరి అళికోడుకు వచ్చింది. జూలై 3 కూడా ఎముకలు ఎదెస్సాకు చేరిన రోజుగా సిరియా సంఘాలు ఆచరించే తేదీయే. రోమన్ కతోలికులు 1969 వరకు డిసెంబరు 21న చేసేవారు. పాత ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఇప్పటికీ ఆ తేదీయే ఉంది. గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లకు అక్టోబరు 6. కాబట్టి ‘ప్రపంచమంతటా ఈ రోజే’ అన్న వాక్యం తీసేయాలి.

బొమ్మ కింద వ్యాఖ్య గురించి ఒక మాట. యేసు తిరిగి లేచాడని నమ్మలేక తోమా ఆయన గాయంలో వేలు పెట్టి చూశాడని రాశారు. చిత్రకారులు అలా వేశారు గానీ యోహాను సువార్త 20వ అధ్యాయంలో ముట్టుకున్నాడని లేదు. చూడమని ప్రభువు పిలుస్తాడు, వెంటనే తోమా ‘నా ప్రభువా, నా దేవా’ అంటాడు. అదే సువార్త 11వ అధ్యాయంలో, ప్రాణాపాయం ఉందని మిగతావాళ్లు జంకుతున్నప్పుడు యేసుతో కలిసి చావడానికి మనమూ పోదాం రండని తోటి శిష్యులతో అన్నది కూడా ఈ తోమాయే. అంత తెగువ ఉన్న మనిషిని ‘అవిశ్వాసి’ అన్న ఒక్క పేరుతో పిలవడం నాకు బాధగా ఉంటుంది.

దిద్దుబాటును ఎక్కడో మూలన రెండు లైన్లలో కాకుండా అదే పేజీలో వేయండి. కొత్త మ్యాపులో రెండు దారులు వేర్వేరు రంగుల్లో చూపండి. సింధు ముఖద్వారం నుంచి తక్షశిల వైపు వెళ్లేదాని కింద ‘తోమా చర్యలు, 3వ శతాబ్దం’ అని, కొడుంగల్లూరు నుంచి మైలాపూరు వెళ్లేదాని కింద ‘కేరళ సంప్రదాయం’ అని రాయండి. మచిలీపట్నం బాణం తీసేయండి.

ఇట్లు,
క్రైస్తవ చరిత్ర అధ్యాపకుడు,
సికింద్రాబాద్