ఆ 'టు' వేరు, ఈ 'టు' వేరు

సంపాదకులకు,

ఇంగ్లిష్ వ్యాకరణంలో జెరండ్ అంటే 'క్రియకు ఐఎన్‌జీ చేర్చడం' అని ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తే పిల్లలకు అందదు. మన '-డం' రూపంతో మొదలుపెట్టాలి. 'టీ తాగడం మానేశాడు': స్టాప్డ్ డ్రింకింగ్ టీ. 'అలిపిరి దగ్గర టీ తాగడానికి ఆగాడు': స్టాప్డ్ టు డ్రింక్ టీ. ఇక్కడిదాకా తెలుగే దారి చూపిస్తుంది.

చిక్కంతా 'లుక్ ఫార్వర్డ్ టు' (ఎదురుచూడడం) దగ్గర. అక్కడి 'టు' ప్రిపొజిషన్, అంటే నామవాచకం ముందు వచ్చే మాట; 'టు డ్రింక్'లో లాగా క్రియ ముందు వచ్చే 'టు' కాదు. అందుకే దాని తర్వాత 'మీట్' తప్పు, 'మీటింగ్' రావాలి. అనుమానం వస్తే 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చూడండి. వాక్యం నిలిస్తే ఐఎన్‌జీ. 'వాంట్ టు ఇట్' నిలవదు కదా, అందుకే 'వాంట్ టు గో'. 'అయామ్ యూజ్డ్ టు గెటింగ్ అప్' (లేవడం అలవాటే), 'ఐ యూజ్డ్ టు గెట్ అప్' (ఒకప్పుడు లేచేవాణ్ని) వేర్వేరు. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్‌ల తర్వాత ఐఎన్‌జీ రూపమే. ఈ చిట్టా మాత్రం, పాపం, బట్టీ పట్టక తప్పదు.

— ఇంగ్లిష్ ఉపాధ్యాయులు, తిరుపతి