అబెరిస్ట్విత్ నుంచి కార్మార్థెన్‌కు మళ్లీ రైలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

వేల్స్ పడమటి తీరంలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న అబెరిస్ట్విత్ అనే చిన్న ఊళ్లో నేను తొమ్మిదేళ్లుగా ఉంటున్నాను. పొద్దున్నే ఫోన్లో మీ పత్రిక చదివే అలవాటు ఇక్కడికొచ్చాక కూడా పోలేదు. ఏటా ఆగస్టులో, పిల్లల్ని ఇక్కడి యూనివర్సిటీకి పంపబోతున్న తల్లిదండ్రులు ఎవరో ఒకరు మనవైపు నుంచి ఫోన్ చేస్తారు. ‘కార్డిఫ్‌లో మా చుట్టాలున్నారమ్మా, మ్యాప్‌లో చూస్తే దగ్గరే ఉంది, ఆదివారం ఆదివారం రైలెక్కి వెళ్లొస్తాడు కదా’ అంటారు. అది కుదరదని చెబితే ఎవరూ నమ్మరు.

అబెరిస్ట్విత్ స్టేషన్ నుంచి ఇప్పుడు బయటికి పోయే రైలు దారి ఒక్కటే. తూర్పున ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీకి, అక్కణ్నుంచి బర్మింగ్‌హామ్‌కి. గంటకో రెండు గంటలకో ఒక రైలు. వేల్స్‌లోనే ఉన్న కార్డిఫ్‌కి, అదీ రాజధానికి, రైల్లో పోవాలంటే ముందు ఇంగ్లండ్‌లోకి వెళ్లి, ష్రూస్‌బరీలో రైలు మారి, మళ్లీ వేల్స్‌లోకి దిగిరావాలి. నాలుగు గంటల పైమాటే. లైనంతా సింగిల్ ట్రాక్. ఎదురుగా వచ్చే రైలు ఆలస్యమైతే ఇదీ ఆగాల్సిందే. కొత్తగా వచ్చే పిల్లలకు ఇంకో మాట కూడా చెప్పాలి. ఇటు వచ్చే రైళ్లు చాలావరకు మఖన్లెథ్‌లో రెండుగా విడిపోతాయి. సగం మా ఊరికి, సగం ఉత్తరాన పుల్హెలీకి. బోగీ చూసుకోకుండా ఎక్కి నిద్రపోతే లేచేసరికి వేరే ఊళ్లో ఉంటారు.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1864లో ఇక్కడికి తొలి రైలు వచ్చింది. ఆ లైను కోసం టలెర్దిగ్ అనే చోట కొండను సుమారు 120 అడుగుల లోతున తొలిచారు. ఆ రోజుల్లో రాతిని తొలిచి రైలు కోసం వేసిన దారుల్లో ప్రపంచం మొత్తం మీద అదే లోతైనది. రైలు దిగేవాళ్లు బస చేయడానికి థామస్ సేవిన్ అనే కాంట్రాక్టరు సముద్రం ఒడ్డున పెద్ద హోటలు మొదలుపెట్టి, అది పూర్తికాకముందే 1866లో దివాలా తీశాడు. 80 వేల పౌండ్లు పోసిన ఆ భవనాన్ని 10 వేలకు కొని, 1872లో 26 మంది విద్యార్థులతో కాలేజీ పెట్టారు. మన పిల్లలు ఇప్పుడు చదువుతున్న యూనివర్సిటీ అలా పుట్టింది. రైలు రాకపోతే ఆ హోటలూ లేదు, ఈ చదువూ లేదు.

1867లో దక్షిణం నుంచి రెండో లైను వచ్చింది. కార్డిఫ్‌కి రైళ్లు దొరికే కార్మార్థెన్ నుంచి లాంపీటర్, ట్రెగారన్ మీదుగా 56 మైళ్లు. అందులో ఎక్కువ భాగం వేసింది ‘మాంచెస్టర్ అండ్ మిల్‌ఫర్డ్’ కంపెనీ. పేరులో ఉన్న ఆ రెండు ఊళ్లలో ఏ ఒక్కదానికీ ఆ కంపెనీ పట్టాలు చేరలేదు గానీ, మధ్యలో ఉన్న పల్లెలకు మాత్రం దారి దొరికింది. 1924లో కట్టిన గడియారం గోపురపు స్టేషన్ భవనాన్ని చూస్తే ఆనాటి రద్దీ ఎంతో తెలుస్తుంది. ఇప్పుడు ఆ భవనంలో పబ్బు నడుస్తోంది. పెద్ద రైళ్లకు మిగిలింది ఒకే ప్లాట్‌ఫారం. కార్మార్థెన్ రైళ్లు ఆగిన చోటికి 1968లో డెవిల్స్ బ్రిడ్జ్ కొండకు వెళ్లే చిన్న ఆవిరి రైలును మార్చారు.

1964 డిసెంబరులో ఇస్ట్విత్ నది పొంగి పట్టాలు కొట్టుకుపోయాయి. బాగుచేయలేదు. 1965 ఫిబ్రవరికి మిగతా భాగంలో కూడా ప్రయాణికుల రైళ్లు ఆపేశారు. పాల కోసం దక్షిణాన కొంత మేర 1973 దాకా నడిపి, తర్వాత అదీ మూసేశారు.

మా పక్కింటావిడకు ఎనభై దాటాయి. పుట్టిల్లు లాంపీటర్ దగ్గర. పెళ్లికాక ముందు ఆ రైల్లోనే మా ఊరు వచ్చేదట. గుండె జబ్బుకు పెద్ద పరీక్షలంటే కార్డిఫ్ పోవాలి. కిందటేడు ఆవిడకు తోడుగా నేనే వెళ్లాను. కార్మార్థెన్ దాకా బస్సు, అక్కణ్నుంచి రైలు. మంచి బస్సే, కొత్త ఎలక్ట్రిక్ బస్సు. అయినా మెలికల రోడ్డు మీద రెండు గంటల పైన కూర్చోవాలి. మోకాళ్లు పట్టేసినా లేచి నాలుగడుగులు వేయడానికి లేదు. లాంపీటర్ దాటాక ఆవిడ కిటికీ అద్దం మీద వేలు పెట్టి చూపించింది. పొలాల మధ్య గడ్డి మొలిచిన పొడవాటి కట్ట, దాని మీద గొర్రెలు. ‘అదే మా రైలు కట్ట’ అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఈ లైను మళ్లీ వేయొచ్చని 2018లో వేల్స్ ప్రభుత్వం చేయించిన అధ్యయనం తేల్చింది. ఖర్చు సుమారు 77.5 కోట్ల పౌండ్లు అంది. ఇంత తక్కువ జనాభాకు అంత డబ్బా అని అడిగేవాళ్లున్నారు. అది అడగాల్సిన ప్రశ్నే. అయితే లండన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు వేస్తున్న హైస్పీడ్ లైను వేల్స్ గడ్డ మీద అడుగైనా పోదు. అయినా అది వేల్స్‌కూ పనికొచ్చేదే అన్నట్టు ‘ఇంగ్లండ్, వేల్స్’ ప్రాజెక్టుగా లెక్కకట్టి వేల్స్‌కు రావాల్సిన వాటా ఇవ్వలేదు. అందులో కొంత వచ్చినా కథ వేరుగా ఉండేది. 1965లో మూసేసిన బో స్ట్రీట్ స్టేషన్‌ను, మా ఊరి పక్కనే, 2021లో మళ్లీ తెరిచారు. మనసు పెడితే అవుతుందని కళ్ల ముందే ఉంది. లైను వెంటనే వేయలేకపోతే, కనీసం ఆ పాత కట్ట మీద ఇళ్లూ గోడౌన్లూ లేవకుండా కాపాడాలి. ఒకసారి కట్టడాలు లేస్తే ఇక ఎన్ని కోట్లు పోసినా కష్టమే.

ఈ ఉత్తరం మీకు రాయడానికి అసలు కారణం వేరే ఉంది. బ్రిటన్‌లో చట్టబద్ధంగా ఉంటున్న పెద్దవాళ్లకు, భారత పౌరులైనా సరే, కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ ఓటు హక్కు ఉంది. వేల్స్ శాసనసభ సెనెడ్‌కే కాదు, లండన్ పార్లమెంటుకు కూడా. స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లకూ ఉంది. ముందుగా ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేసుకోవాలి. ఈ సంగతి తెలియని తెలుగువాళ్లు నాకు ఎంతోమంది తగిలారు. పట్టాల మీద అధికారం చాలావరకు లండన్ చేతిలో, రైళ్లు నడిపే బాధ్యత కార్డిఫ్ చేతిలో ఉన్నాయి కాబట్టి రెండు ఓట్లూ ముఖ్యమే. వేల్స్‌లో ఉన్న మనవాళ్లు దయచేసి పేర్లు రాయించుకోండి. ఓటు అడగడానికి ఇంటికొచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీ అయినా, కార్మార్థెన్ లైను గురించి ఏం చేస్తారో అడగండి. జవాబు రాతపూర్వకంగా ఇమ్మనండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అబెరిస్ట్విత్, వేల్స్