దారి కన్నా ముందు ఊరు తేల్చుకో

చిరంజీవి బిడ్డకు,

దేవరకొండ నుంచి అమ్మ ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం.

నీవు పంపిన కాగితాలను మీ బాపు ప్రింటు తీయించి తెస్తే, రెండు రాత్రులు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఫార్మసీ ఉద్యోగం మాని, ఆ టెక్సాస్‌లోనే ఇళ్ల వద్ద కాన్పులు చేసే మిడ్‌వైఫ్‌ను అవుతానని నీవు ఫోనులో చెప్పినప్పుడు నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. అది నీకు కష్టం కలిగించిందని ఆ తరువాత నీ గొంతును బట్టి తెలిసింది. చందంపేట వైపు తండాల్లో 33 ఏళ్లు ఏఎన్ఎంగా తిరిగిన దానను, ఈ విషయంలో ఆలోచించకుండా ఒక్క మాట కూడా అనకూడదనుకున్నాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నాకు అర్థమైనంతలో అక్కడ ముఖ్యమైన అర్హతలు రెండు. ఒకటి సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్. ముందు రిజిస్టర్డ్ నర్సు కావాలి, ఆపైన మిడ్‌వైఫరీలో పీజీ చదవాలి, అమెరికన్ మిడ్‌వైఫరీ సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష నెగ్గాలి. ఆ అర్హత ఉంటే 50 రాష్ట్రాల్లో ఎక్కడైనా లైసెన్సు పొందవచ్చు. నర్సు కానివారికి అదే బోర్డు ఇచ్చే సర్టిఫైడ్ మిడ్‌వైఫ్ అనేది ఇంకొకటి ఉన్నది గానీ, దానిని గుర్తించే రాష్ట్రాలు కొన్నే కనుక నీవు దాని జోలికి పోనక్కరలేదు. రెండవది నీవు కోరుకుంటున్న సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్, అంటే సీపీఎం. నార్త్ అమెరికన్ రిజిస్ట్రీ ఆఫ్ మిడ్‌వైవ్స్ 1994 నుంచి ఇస్తున్న ఈ సర్టిఫికెట్‌కు నర్సు చదువు అవసరం లేదు. ఆసుపత్రి బయట కాన్పులు చేసిన అనుభవాన్ని తప్పనిసరి చేసినది ఇదొక్కటే. దీనికి మళ్లీ రెండు దారులు: గుర్తింపు పొందిన మిడ్‌వైఫరీ కళాశాలలో చదవడం, లేదా ప్రిసెప్టర్ అనే అనుభవజ్ఞురాలి వెంట తిరిగి పని నేర్చుకుని, చేసిన ప్రతి పనికీ ఆమె సంతకంతో లెక్క చూపడం. సీపీఎంకు లైసెన్సు ఇచ్చే చట్టమే లేని రాష్ట్రాలు కొన్ని ఉన్నాయి. టెక్సాస్‌లో ఆ చిక్కు లేదు.

నీ మనసు ప్రిసెప్టర్ వెంట తిరిగే దారి మీద ఉన్నదని నాకు తెలుసు. ఖర్చు తక్కువ, ఉద్యోగం పూర్తిగా మానకుండానే మొదలుపెట్టవచ్చు. మన మంత్రసానులు కూడా అత్తల వెంట నడిచే నేర్చుకున్నారు కాబట్టి నాకు ఆ పద్ధతి మీద చిన్నచూపు లేదు. అయితే 10 కాన్పులు పక్కనుండి చూడాలి, 20 కాన్పుల్లో సాయపడాలి, ఆపైన పర్యవేక్షణలో 25 కాన్పులు తానే బాధ్యత వహించి చేయాలి, ఇదంతా రెండేళ్లకు తగ్గకూడదు అని చదివినప్పుడు ఆ 25 అంకె దగ్గర నేను ఆగిపోయాను. నేను 25 కాన్పులు చేసేసరికి నా చేతికి నేర్పు వచ్చింది, భయం పోయింది. దేనికి భయపడాలో తెలియడానికి మాత్రం 200 దాటవలసి వచ్చింది. సజావుగా సాగే కాన్పుకు కావలసినది ఓపిక, అది ఇంట్లో తల్లి పక్కన కూర్చుంటేనే అలవడుతుంది. ఎదురు తిరిగిన కాన్పు అట్లా నేర్చుకునేది కాదు. ఆగని రక్తం, చిక్కుకున్న భుజం, ఊపిరి తీయని బిడ్డ ఆ 25లో ఒక్కసారి కూడా నీ కంట పడకపోవచ్చు.

ఇంతవరకు నీకు చెప్పని సంగతి ఒకటి ఉన్నది. నీవు పుట్టకముందు, నేను ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, వానాకాలం రాత్రి ఒక తండా నుంచి పిలుపు వచ్చింది. నాలుగో కాన్పు. తండాలోని ముసలి మంత్రసాని బిడ్డను చక్కగానే పట్టింది. బొడ్డు కోయడానికి నేనిచ్చిన కొత్త బ్లేడే వాడింది, దారం ఉడకబెట్టింది. నేను చేరేసరికి మాయ కూడా పడింది. కానీ గర్భసంచి గట్టిపడలేదు, పొట్ట మీద చేయి వేస్తే నానిన పిండిముద్దలాగా తగిలింది. రక్తం ఆగడానికి నా సంచిలో ఉన్న ఒక్క మెథర్జిన్ సూది వేసి, గర్భసంచిని రుద్దుతూనే ఉన్నాను. ఆసుపత్రికి పోదామంటే ఇంటి పెద్దలు ఇంకాసేపు చూద్దామన్నారు, ఆ తరువాత జీపు కోసం మనిషిని పంపారు. ఆమె దారిలోనే పోయింది. నేను మొదటి పావుగంటలోనే పట్టుబట్టి ఉండవలసింది. జీపు మాట ఎనిమిదో నెలలోనే తేల్చి పెట్టవలసింది. అప్పటి నుంచి ఏ చూలాలి ఇంటికి పోయినా, బండి ఎవరిది, డబ్బు ఎవరి దగ్గర ఉన్నది అని అడిగిన తరువాతే పొట్ట చూశాను.

అందువల్ల ఏ ప్రిసెప్టర్ దగ్గర చేరినా, ఆమె ఎన్ని కాన్పులు చేసిందని అడిగినంత శ్రద్ధగా, ఎందరిని ఆసుపత్రికి పంపింది, ఏ గుర్తు చూసి పంపింది అని కూడా అడుగు. ఇంగ్లండులో 2011లో వెలువడిన పెద్ద అధ్యయనంలో, ఇంటి కాన్పుకు సిద్ధపడిన తొలిచూలు స్త్రీలలో 45 శాతం మందిని ప్రసవ సమయంలోనో, ఆ వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. అంతకుముందు కన్నవారిలో అది 12 శాతమే. తొలిచూలులో దాదాపు సగం మందికి తరలింపు తప్పలేదంటే, తరలించడం ఈ పనిలో మామూలు భాగమే అన్నమాట. దానిని ఓటమిగా భావించే గురువు దగ్గర ఒక్కరోజు కూడా ఉండవద్దు. ఎదురుకాళ్ల బిడ్డ, కవలలు, ముందు పెద్దాపరేషను అయిన తల్లి, ఈ ముగ్గురికీ ఇంటి కాన్పు తగదని అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ చెబుతున్నది. దీనిని ఒప్పుకోని మిడ్‌వైఫ్‌లు అక్కడ ఉన్నారు. నీవు మాత్రం ఒప్పుకోవాలని నా కోరిక.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన మాటకు వస్తాను. కొన్నేళ్లకు తిరిగి వచ్చి మన తండాల్లో ఈ పని చేస్తానన్నావు. మన దేశంలో మిడ్‌వైఫరీ నర్సింగులో భాగమే కనుక సీపీఎం సర్టిఫికెట్‌తో నీకు ఇక్కడ రిజిస్ట్రేషను దొరకదు. మన రాష్ట్రం 2017లో మొదలుపెట్టిన మిడ్‌వైఫ్ శిక్షణ గానీ, 2018లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల కోర్సు గానీ నర్సులకే. పైగా తండా ఆడబిడ్డ కాన్పుకు ఆసుపత్రికి రావడానికి మా తరం ఏఎన్ఎంలు ఎంత తిరిగారో నీవు చిన్నప్పుడు చూసినదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అదే సర్వేలో 60.7 శాతం కాన్పులు పెద్దాపరేషన్లని ఉన్నది. దేశం మొత్తం మీద అది 21.5 శాతం. ఆ అంకె చదివినప్పుడల్లా నాకు కడుపులో బాధ కలుగుతుంది. ఇక్కడి తల్లులకు మిడ్‌వైఫ్ కావలసినది లేబర్ రూములోనే. నొప్పులు సాగేదాకా పక్కన కూర్చుని, లేపి నడిపించి, నీళ్లు తాగించి, ధైర్యం చెప్పే మనిషి అక్కడ లేదు.

కాబట్టి ముందు ఊరు తేల్చుకో. తిరిగి రావాలన్నది నిజమైన కోరిక అయితే, ఎన్నేళ్లు పట్టినా నర్సు చదువే చదువు. నర్సు చదివితే ఇళ్లకు పోయే వీలు పోతుందని అనుకోవద్దు. 1925లో కెంటకీ కొండల్లో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే ఆమె స్థాపించిన సంస్థలో నర్స్ మిడ్‌వైఫ్‌లు గుర్రాలెక్కి ఇంటింటికీ పోయి కాన్పులు చేశారు. అది చదివినప్పుడు నేను నడిచిన డొంకదారులన్నీ కళ్లముందు కదిలాయి. అక్కడే స్థిరపడతానంటే సీపీఎం మంచిదే, కానీ గుర్తింపు ఉన్న కళాశాలలోనే చేరు. లెక్క చూపే దారిలో వచ్చినవారిని కొన్ని రాష్ట్రాలు 50 గంటల అదనపు చదువుతో బ్రిడ్జ్ సర్టిఫికెట్ కూడా తెమ్మంటున్నాయి కనుక, కళాశాలలో చదివితే రేపు నీవు రాష్ట్రం మారినా ఆ చిక్కు ఉండదు. సర్టిఫికెట్ వచ్చాక కూడా ఒంటరిగా పోకుండా మరొక ఏడాది పెద్దామె వెంటనే ఉండు. నీవు తిరిగి రావాలని నేను అడగడం లేదు. నాకు నీ జవాబు ఏదైనా ఒకటే, నీకు మాత్రం దానిని బట్టే ఏళ్లూ డబ్బూ ఖర్చవుతాయి. ఫీజుకు తక్కువైతే మొహమాటపడకుండా చెప్పమని మీ బాపు అంటున్నాడు.

మీ పెద్దమ్మ కొడుకు వచ్చే నెల డాలస్ వస్తున్నాడు. నా ఫీటోస్కోపును అతని చేతికిచ్చి పంపుతున్నాను. అక్కడ డాప్లర్ వాడతారని తెలుసు, అయినా బ్యాటరీ లేకుండా బిడ్డ గుండెను వినడం నీ చెవికి అలవాటు కావాలి. పొట్ట మీద పెట్టేముందు అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టు. చల్లగా తగిలితే తల్లి ఉలిక్కిపడుతుంది.

ఇట్లు,
మీ అమ్మ